తీరిక వేళ : ఆమె ఎందుకు దాగింది?

గత సంచికలో వర్షాకాలపు పిడుగులను గురించి, ఎర్తింగు ఆవశ్యకతను గురించి మేము రాసిన వ్యాసానికి మూడు ఉత్తరాలు వచ్చినవి. మూడింటిలో ఒకటి మా బావమరిదిది. ఈసారి నవలను గురించి రాస్తే ముప్పై వస్తాయని సంపాదకవర్గంలోని మిత్రులొకరు పందెం కాశారు. ఆ పందెం సంగతి చివర చూద్దాము.

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహశీలులో తుష్నాబాద్ అనే గ్రామమున్నది. మన ఉద్యోగులలో చాలామంది దాని పేరు విని ఉండరు. పోర్ట్ బ్లెయిర్ నుండి, అనగా 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పట్టణము నుండి, రోడ్డు మీద పోయి చేరవచ్చును. వక్క చెట్లు, కొబ్బరి చెట్లు, నడుమ వరిమళ్ళు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన. 2011 జనగణన ప్రకారం ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగవ పెద్ద భాష తెలుగు. సుమారు 13 శాతం ప్రజలకు అది మాతృభాష. వారిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి ఓడ ఎక్కి వచ్చినవారు, వారి సంతతివారు. తుష్నాబాద్‌లో ఒక పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుల వారి వసారాలో ప్రతి నెలా రెండవ ఆదివారం ఎనిమిది తొమ్మిది మందిమి కూడుకుంటాము. ఒకరు చదువుతారు, మిగిలినవారు వింటారు. పకోడీలు ఉంటాయి. ఆ పకోడీల కోసమే వచ్చేవారు ఒకరిద్దరున్నారని మా అనుమానం. వారు వాదనలో కూడా ముందుంటారు గనుక మాకు అభ్యంతరం లేదు.

ఈ ఏడాది జనవరి నుండి జూన్ వరకు చదివినది యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘వెన్నెల్లో ఆడపిల్ల’. మాష్టారి వద్దనున్నది అచ్చు పుస్తకమే గాని, ఆయన దానిని సీరియలు చదివించినట్టే చదివించారు. ప్రతి సమావేశానికి కొంత భాగము, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపుట. ముందే చదివినవారు నోరు విప్పరాదని నియమం. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చుచున్న నాటి సంగతులు మాష్టారు చెబుతూ ఉంటారు. ఆ రోజులలో దీవులకు వారపత్రిక వారం వారం వచ్చేది కాదట. ఓడ వచ్చినప్పుడు నాలుగైదు సంచికలు కట్టగా దిగేవి. ఒక్కొక్కసారి పదవ భాగం ముందు వచ్చి, తొమ్మిదవది తరువాతి ఓడలో వచ్చేది. చదివినవాడు చదవనివాని ఎదుట పెదవి విప్పకుండా పదిహేను రోజులుండవలెను. “అంతకంటె కఠినమైన బ్రహ్మచర్యం లేదు” అని మాష్టారు నవ్వుతారు. సీరియలు అయిపోయిన తరువాత ఆ పేజీలు చింపి, సూదీ దారముతో కుట్టి, అట్ట వేసి బైండు చేసుకొనుట ఆంధ్రదేశములో వలెనే ఇక్కడా ఆచారం. అటువంటి బైండులు రెండు ఇప్పటికీ ఆ వసారాలోని బీరువాలో ఉన్నవి. వాటి వెనుక పేజీలలో అప్పటి సబ్బుల ప్రకటనలు, సగం తెగిన వంటల శీర్షికలు కథకంటె ఎక్కువ రుచిగా ఉంటవి.

నవల తెలియనివారికి రెండు మాటలు. కథానాయకుడు రేవంత్ చదరంగపు ఆటగాడు, మేధావి, పేరున్నవాడు. అతనికి ఒక అపరిచిత యువతి నుండి ఫోను వస్తుంది. గొంతు, మాట, చమత్కారము. అంతే, మరేమీ లేదు. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. తనను కనుగొనమని పందెం వేస్తుంది. ఆనవాళ్ళు పొడుపుకథలుగా ఇస్తుంది. అతడు గళ్ళ బల్ల మీద ఎత్తులు వేయవలసిన బుర్రతో ఫోను నంబరు కోసం లెక్కలు వేస్తాడు. ఈ కథను సునీల్ కుమార్ దేశాయి గారు 1995లో ‘బెళదింగళ బాలె’ అనే పేరుతో కన్నడంలో చలనచిత్రంగా తీశారు. అనంత్ నాగ్ గారు నాయకుడు. చిత్రమంతటా నాయిక ముఖము చూపలేదు. అదే సంవత్సరం విశ్వనాథన్ ఆనంద్ న్యూయార్కులో కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ కోసం తలపడినాడు గనుక, చదరంగపు నాయకుడు ప్రేక్షకులకు కొత్తగా తోచి ఉండడు.

ఇక మా వసారాలో తగవు. ఆమె ఎందుకు దాగింది?

మొదటి సమావేశంలోనే రెండు పక్షాలు ఏర్పడినవి. మాష్టారు నిష్కర్షగా అన్నారు: “ఇది అహంకారం. ఒక మనిషిని ఊరంతా తిప్పి వినోదం చూస్తున్నది.” లెక్కల విభాగంలో పనిచేయు మిత్రులొకరు అంత కటువుగా పోలేదు. “పరీక్ష పెడుతున్నది. పేరున్నవాడు గదా, నిజంగా తన కోసం శ్రమ పడతాడా అని” అన్నారు. అప్పటికి అందరికీ అదే సబబుగా తోచినది. పకోడీలు రెండవ విడత వచ్చినవి.

మా విభాగంలో కొత్తగా చేరిన యువ ఇంజనీరు ఒకడు మాత్రం అసలు ప్రశ్నకే నవ్వాడు. “ఇన్ని పజిళ్ళు ఎందుకు సార్? నంబరు తెరమీద పడుతుంది కదా. ట్రూకాలర్ చూస్తే పేరు కూడా తెలుస్తుంది” అన్నాడు. అతడు పుట్టే నాటికి ఎలెక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చేసినవి. తప్పు అతనిది కాదు. కాని ఇంతటి అవకాశం ఇచ్చిన తరువాత మేము ఊరకుండగలమా?

స్ట్రోజర్ ఎక్స్ఛేంజి చూసినవారు ఇప్పుడు మన సంస్థలో బహు కొద్దిమంది. ఆ యంత్రంలో చందాదారుడు త్రిప్పిన ప్రతి అంకెకు ఒక సెలెక్టరు కదిలేది. ముందు నిలువుగా పైకెక్కేది. పది అంతస్తులలో కావలసిన అంతస్తు చేరి, అక్కడ అడ్డంగా తిరిగి, పది స్థానాలలో ఖాళీగా ఉన్నదానిని పట్టేది. అట్లా ఒక సెలెక్టరు నుండి మరొకదానికి దారి కట్టుకుంటూ పోయి చివరకు గంట మ్రోగేది. హాలులో నిలబడితే ఊరంతా మాట్లాడుకొనుచున్న చప్పుడు టకటకమని వినబడేది. పిలిచినవారి నంబరు ఎక్కడా నమోదు కాదు. బిల్లు కోసం మీటరు ఒక అంకె పెరుగుతుంది, అంతే. ఎవరు పిలిచారో తెలియవలెనంటే, సంభాషణ సాగుతుండగానే మనిషి ఒకడు ఫిర్యాదుదారుని లైను నుండి మొదలుపెట్టి, ఏ సెలెక్టరు ఏ స్థానంలో నిలిచిందో చూసుకుంటూ, ఒక రాకు నుండి మరొక రాకుకు వెనుకకు నడవవలెను. వేరే ఎక్స్ఛేంజి నుండి వచ్చిన కాల్ అయితే అక్కడివారికి ఫోను చేసి, వారిని నడిపించవలెను. ఈలోగా పిలిచినవారు ఫోను పెట్టేస్తే టక్కున సెలెక్టర్లన్నీ యథాస్థానానికి పడిపోతవి. దారి మాయం. చేతికి అందినట్టే అంది జారిపోయిన కాల్స్ ఎన్నో మా పెద్దలు చెప్పగా విన్నాము.

కనుక ఆ నాటి ఫోను మనిషిని దాచగలదు. ఈ నాటి ఫోను దాచలేదు. యువ మిత్రుడు ఒప్పుకున్నాడు గాని వెంటనే మరో మాట అన్నాడు: “సార్, దాగగలగటం వేరు, దాగాలనుకోవటం వేరు కదా. మీరు మొదటిది చెప్పారు.” మాష్టారు బల్ల చరిచారు. మాకు పకోడీ అడ్డం పడినది.

మూడవ సమావేశానికి చర్చ వేరే మలుపు తిరిగినది. దానికి కారణం మాష్టారి కోడలు. ఆమె అప్పటిదాకా టీలు అందిస్తూ వింటూ ఉన్నది. “మామయ్యగారూ, ఒక్క మాట” అని ఇట్లా అన్నది: “పెళ్ళిచూపులలో ఏమవుతుంది? పిల్లను అందరూ చూస్తారు. నడవమంటారు. రంగు చూస్తారు, జడ చూస్తారు. మాట మాత్రం వినరు. వింటే ఒక పాట వింటారు. ఈ అమ్మాయి దానిని తిరగవేసింది. నా మాట వినండి, నన్ను చూడకండి అన్నది. దానిని అహంకారమని ఎందుకంటారు?”

వసారాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె అంతటితో ఆగలేదు. “‘సెక్రటరీ’లో రాజశేఖరం మనసులో ఏమున్నదో నవల పొడుగునా జయంతికి తెలియనివ్వడు. ఆయన ఎందుకు దాచాడని ఈ వసారాలో ఎవరైనా తగవు పడ్డారా? గంభీరుడన్నారు, హుందా అన్నారు. మగవాడు దాచుకుంటే గాంభీర్యం, ఆడది దాచుకుంటే నాటకం!”

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ వచ్చి అరవై ఏళ్ళు దాటినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీ గార్లతో చలనచిత్రమయినది. నాటి నుండి నేటి వరకు రాజశేఖరాన్ని తెలుగు పాఠకులు ఆరాధించారే గాని విచారణకు నిలబెట్టలేదు. మేము కూడా ఆరాధించినవారమే. కారు దిగే తీరును అనుకరించాలని చూశాము గాని మా వద్ద కారు లేదు. కోడలి మాట న్యాయమని మేము పైకే ఒప్పుకున్నాము. మాష్టారు సగం ఒప్పుకున్నారు. “రాజశేఖరం ఎవరినీ ఊరంతా తిప్పలేదు” అని మిగిలిన సగం తన వద్ద ఉంచుకున్నారు.

దాచుకునే పాత్రను గురించి పాఠకులు జట్లుగా విడిపోవడం మన వారపత్రికలతో మొదలు కాలేదు. 1859, 1860 సంవత్సరాలలో విల్కీ కాలిన్స్ రాసిన ‘ది వుమన్ ఇన్ వైట్’ డికెన్స్ నడిపే పత్రికలో వారం వారం వచ్చేది. అందులో సర్ పర్సివల్ గ్లైడ్ అనే పెద్దమనిషికి ఒక రహస్యమున్నదని తెలుస్తుంది గాని ఏమిటో తెలియదు. లండన్‌లో ఆ రహస్యమేమిటని పందేలు కాసుకున్నారు. మొన్న మొన్నటి ఉదాహరణ కావలెనంటే మా యువ ఇంజనీరునే అడగవలెను. హారీ పోటర్ ఆరవ పుస్తకం 2005లో, ఏడవది 2007లో వచ్చినవి. ఆ రెండేళ్ళు స్నేప్ అనే ఉపాధ్యాయుడు మంచివాడా, ద్రోహియా అని ప్రపంచమంతటా పిల్లలు, పిల్లలతో పాటు పెద్దలు తగవులాడారు. చివరకు అతని రహస్యమంతా ఒక పాత ప్రేమ చుట్టూ తిరిగిందని తేలినది. ఈ కథ చెప్పునపుడు యువ మిత్రుని కళ్ళు మెరిసినవి. ట్రూకాలర్ మాట అతడు మళ్ళీ ఎత్తలేదు.

వీటన్నిటికంటె మాకు నచ్చినది డికెన్స్ చివరి నవల ఉదంతం. ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ పన్నెండు భాగాలుగా రావలెను. ఆరు భాగాలకు సరిపడినంతే రాసి, 1870 జూన్ 9న డికెన్స్ కన్నుమూశాడు. మేనల్లుడు మాయమయినాడు, మేనమామ జాస్పర్ మీద అనుమానం, మారువేషంలో వచ్చినట్టున్న డాచరీ ఎవరో తెలియదు. చెప్పవలసినవాడు చెప్పకుండా పోయినాడు. 1914 జనవరిలో లండన్‌లో జాస్పర్‌ను బోనులో నిలబెట్టి ఉత్తుత్తి విచారణ జరిపారు. చెస్టర్‌టన్ న్యాయమూర్తి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. రచయిత పోయి నలభై మూడేళ్ళు దాటినా పాఠకులకు తీర్పు కావలసి వచ్చినది.

జూన్ సమావేశంలో మాష్టారు చివరి భాగం స్వయంగా చదివారు. నవల చదవనివారు, చదువుదామనుకొనువారు ఈ పేరా వదిలి తరువాతి దానికి పోవలెనని మనవి. ఆమె పందెం వేయడానికి, గడువు పెట్టడానికి కారణం ఆమెకు మిగిలిన కాలం తక్కువ. అది జబ్బు. రేవంత్ దారి కనుగొంటాడు, కాని చేరవలసిన వేళకు చేరలేడు.

మాష్టారు పుస్తకం మూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. అహంకారమన్న మాట వెనుకకు తీసుకున్నట్టు ప్రకటించారు. లెక్కల మిత్రులు కూడా పరీక్ష అన్న మాట వదులుకున్నారు. త్యాగము, ప్రేమ, అతనికి దుఃఖం కలుగకూడదనే భావము అని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చుచుండగా, మేము అడ్డుపడ్డాము. ఎందుకు అడ్డుపడ్డామో ఆ క్షణాన మాకే స్పష్టంగా తెలియదు. కాస్త గొంతు కూడా పెరిగినది. “త్యాగమంటే తన వస్తువు వదులుకొనుట. ఆమె బ్రతుకు ఆమెది, నిజమే. కాని అతడు చెప్పుకోవలసిన వీడ్కోలు అతనిది. దానిని అడగకుండా తీసుకొనే హక్కు ఆమెకెవరిచ్చారు?” అన్నాము.

వసారాలో మూలగా, వక్కలు కత్తిరిస్తూ ఒక పెద్దమ్మగారు కూర్చుంటారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త ఉద్యోగరీత్యా పందొమ్మిదేళ్ళప్పుడు విశాఖ ఓడ ఎక్కి వచ్చి ఈ దీవిలోనే ఉండిపోయినవారు. ఆరు నెలలలో ఆవిడ ఒక్కసారి కూడా చర్చలో పాల్గొనలేదు. ఇప్పుడు తల ఎత్తకుండానే అన్నారు: “చెబితే వచ్చేవాడే బాబూ. ఓడ లేకపోతేనో?”

అర్థం కాలేదని అన్నాము. ఆవిడ అడకత్తెర పక్కన పెట్టారు. “నాకు రెండో కాన్పులో బిడ్డ దక్కలేదు. మా అమ్మకు ఉత్తరంలో రాయలేదు. అంతా క్షేమమని రాశాను. రాస్తే ఆవిడ ఏం చేస్తుంది? రాలేదు. ఏడుస్తుంది. ఏడుస్తున్నదని నాకు ఉత్తరం రాస్తుంది. అది చదివి నేను ఏడుస్తాను. ఓడ మాత్రం నెలకొకసారే. అందుకని రాయలేదు. ఆ పిల్ల కూడా అంతే. వాడు చేరలేని చోట ఉన్నానని దానికి తెలుసు.” ఒక క్షణం ఆగి, “మీ అమ్మ కూడా అంతే కదా” అన్నారు.

ఆవిడకు ఆ సంగతి ఎప్పుడు చెప్పామో మాకు గుర్తులేదు. చిన్న దీవి, ముప్పై ఏళ్ళ పరిచయం, ఎప్పుడో చెప్పి ఉంటాము. ఇంతవరకు వచ్చినది గనుక పాఠకులకు కూడా చెప్పవలసి వస్తున్నది.

1996లో మేము పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేయుచున్నాము. మా అమ్మగారు శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో మా చెల్లెలి వద్ద ఉండేవారు. ప్రతి ఆదివారం రాత్రి ఛార్జీలు తగ్గిన తరువాత ఆవిడ వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు వచ్చి ఫోను చేసేవారు. దీవులకు, ప్రధాన భూభాగానికి నడుమ అప్పుడు కాల్స్ ఉపగ్రహం మీదుగా పోయేవి. చెన్నై నుండి సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న గాని ప్రారంభం కాలేదు. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అంత దూరం పైకి పోయి, అంత దూరం కిందికి రావలెను. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే తరంగానికి కూడా అందులో సుమారు పావు సెకను పడుతుంది. ప్రశ్న పోవడానికి పావు, జవాబు రావడానికి పావు. అంటే మనం అడిగిన ప్రతి ప్రశ్న తరువాత అర సెకను నిశ్శబ్దం. కొత్తగా వచ్చినవారు ఆ నిశ్శబ్దంలో “హలో, హలో” అని అరిచేవారు. మేము ఇంజనీరులము గనుక అరిచేవారము కాదు. వారికి వివరించి చెప్పేవారము.

ఆ అక్టోబరు ఆఖరి వారాలలో “ఒంట్లో ఎట్లా ఉందమ్మా” అని అడిగినప్పుడల్లా జవాబు ఆగి వచ్చేది. “బాగానే ఉన్నాను బాబూ. తుఫానుల కాలం, ఓడ ఎక్కకు. చంటిది జాగ్రత్త.” మా పెద్దమ్మాయి అప్పటికి రెండు నెలల పిల్ల. ఆ ఆగడము అర సెకనా, సెకనా, అంతకంటె ఎక్కువా? మేము లెక్క పెట్టలేదు. ఉపగ్రహం అనుకున్నాము. కారణం తెలిసిన విషయం గనుక వేరే కారణం వెదకలేదు.

నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడ దగ్గర పెను తుఫాను తీరం దాటి కోనసీమను కొబ్బరి చెట్టు లేకుండా ఊడ్చివేసినది. టెక్కలి తుఫాను దారిలో లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాము. పదిహేనవ తేదీన టెలిగ్రాం వచ్చినది. విమానంలో చోటు దొరకలేదు. ఓడ దొరికి, విశాఖలో దిగి, ఊరు చేరుసరికి పదకొండవ రోజు కర్మ జరుగుచున్నది.

జబ్బు ఆగస్టు నుండే ఉన్నదని అప్పుడు తెలిసినది. చెల్లెలితో ఒట్టు వేయించుకున్నారట. ఆ కోపం మాకు చెల్లెలి మీద కొన్నేళ్ళున్నది. అమ్మగారి మీద ఇంకా ఎక్కువ కాలమున్నది. పోయినవారి మీద కోపం పెట్టుకొనుట పాపమని అందరూ చెబుతారు గాని, పెట్టుకోకుండా ఉండే ఉపాయం ఎవరూ చెప్పరు.

ఆ ఆదివారం తుష్నాబాద్ నుండి తిరిగి వచ్చి, రాత్రి చెల్లెలికి ఫోను చేశాము. ఇప్పుడు మాటకు మాట వెంటనే అందుతుంది, మధ్యలో ఖాళీ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అడగని ప్రశ్న అడిగాము. అమ్మ ఏమని చెప్పింది, ఎందుకు దాచమంది? చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. ఈసారి ఉపగ్రహం మీద నెపం పెట్టే వీలు లేదు.

“ఎందుకో నాకు చెప్పలేదు అన్నయ్యా. నేనూ అడగలేదు. ఒకటి మాత్రం గుర్తుంది. బూత్‌కు పోయిన వెంటనే ఫోను చేసేది కాదు. బల్ల మీద కూర్చునేది. దగ్గు తగ్గేదాకా కూర్చునేది. ఒక్కోసారి అరగంట. బూత్ అబ్బాయి మంచినీళ్ళు ఇచ్చేవాడు. గొంతు సరిగా వచ్చిందో లేదో నన్ను అడిగి, అప్పుడు నంబరు కలపమనేది.”

ఇంత మాత్రమే మాకు తెలిసినది. తుఫానుకు భయపడి దాచారా, చంటిపిల్ల ఉన్నదని దాచారా, పెద్దమ్మగారు చెప్పినట్టు రాలేనివాడికి చెప్పి ప్రయోజనమేమని దాచారా, లేక ఆదివారం రాత్రి ఆ నాలుగు నిమిషాలు జబ్బు మాట లేకుండా మాట్లాడాలని ఆవిడకే కోరికగా ఉన్నదా, చెప్పగలవారు లేరు. ఈ నాలుగవ ఊహ మాకు మొన్న మొన్ననే తట్టినది. మిగిలిన మూడింటిలోను ఆవిడ మా కోసం దాచారు. నాలుగవ దానిలో తన కోసం దాచుకున్నారు. ఎందుచేతనో మాకు అది కాస్త తేలికగా ఉన్నది.

జూలైలో రెండవ ఆదివారం వసారాకు పోయినపుడు మా వాదన పూర్తిగా వెనుకకు తీసుకొనలేదు. వీడ్కోలు అతనిదే అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాము. అయితే “హక్కు ఎవరిచ్చారు” అని గొంతు పెంచినందుకు పెద్దమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాము. ఆవిడ “దానికేముంది బాబూ, వక్క వేసుకో” అన్నారు. యువ ఇంజనీరు ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. వాళ్ళ ఊరికి వీడియో కాల్ చేసి వస్తున్నానన్నాడు. వాళ్ళ నాన్నగారు ఎప్పుడు చేసినా కెమెరా పైకప్పు వైపు తిప్పి మాట్లాడుతున్నారట, ముఖం కనబడనివ్వడం లేదట. ఫోను పట్టుకోవడం రాక అనుకున్నానన్నాడు. మరుసటి వారమే సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. నాన్నగారికి కంటి శుక్లాల ఆపరేషన్ జరిగినదట. పట్టీ కనబడితే కంగారు పడతాడని దాచారట. కులాసాగా ఉన్నారని కబురు పంపాడు.

తరువాతి పుస్తకం ‘సెక్రటరీ’ అని నిర్ణయమయినది. రాజశేఖరాన్ని ఈసారి బోనులో నిలబెట్టవలసినదేనని మాష్టారి కోడలు పట్టుబట్టినది. న్యాయమూర్తి పెద్దమ్మగారు. మాష్టారు నిందితుని తరఫు వకీలుగా ఉండటానికి అంగీకరించారు. మా వద్దనున్న ప్రతిలో మధ్యన ముప్పై రెండు పేజీలు చెదలు తిన్నవి. పాఠకులలో ఎవరి వద్దనైనా పూర్తి ప్రతి ఉన్న యెడల, మన సంపాదకుల చిరునామాకు పంపగోరుచున్నాము. భద్రముగా తిప్పి పంపగలము. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఎందుకు దాగినదో మీ అభిప్రాయము కూడా దానితో పాటు రాసి పంపవచ్చును. ముప్పై ఉత్తరాలు వస్తే పందెం ఓడినట్టు ఒప్పుకుంటాము. మా బావమరిది ఉత్తరాన్ని లెక్కలోకి తీసుకొనబోము.